ఘటసర్పం గోరు

ఇన్‌స్పెక్టర్ అత్తగారికి ఒక దుర్గుణం ఉంది. ఏ పుస్తకం చేతికిచ్చినా ముందు చివరి పేజీలు చదివేస్తుంది. హంతకుడెవరో తెలుసుకుని, అప్పుడు మొదటి పేజీకి వచ్చి, అతను కనిపించినప్పుడల్లా కోడలి వైపు చూసి కళ్లెగరేస్తుంది. పోలీసు కోడలున్న ఇంట్లో ఇంతకన్నా హింస ఏముంటుంది? బైబిల్లో కూడా ఆవిడ శ్రద్ధగా చదివింది ప్రకటన గ్రంథం ఒక్కటే. అది చివర ఉంది కాబట్టి.

ఆ ఆదివారం ఉదయం 7.50కి ఫోన్ ఎత్తింది ఆవిడే.

"అమ్మాయ్, మా క్లాసు మాస్టారి కూతురు కనబడటం లేదట. ఎనిమిదో నెల. చెప్పులు కాలవ వంతెన మీద దొరికాయట."

ఈసారి కళ్లెగరేయలేదు.

8.15. మాస్టారి ఇల్లు.

ముందు గది అల్లుడి షాపు. ఫొటోలకు ఫ్రేములు కడతాడు. వెనక హాల్లో మాస్టారి క్లాసు. ఆయన రిటైరైన సైన్సు టీచరు. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం 5 గంటలకు అంత్యదినాల ప్రవచనాలకు అర్థం చెబుతారు. వినడానికి పాతిక మంది వస్తారు. అందులో అత్తగారొకరు.

హాలు గోడ మొత్తం ఒకే చార్టు. కూతురు గీసింది. సూర్యుణ్ణి కట్టుకున్న గర్భిణి. ఎదురుగా, పుట్టబోయే బిడ్డను మింగడానికి కాచుకున్న ఏడు తలల ఎర్ర ఘటసర్పం. దూరంగా, ఆ తల్లి పారిపోయే ఎడారి.

మాస్టారు కుర్చీలో కూలబడి ఉన్నారు. ఒట్టి కాళ్లు. అరికాలు చీరుకుని రక్తం గడ్డకట్టింది.

ఇన్‌స్పెక్టర్ అల్లుడితో మొదలుపెట్టింది.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"ఆరున్నరకి. స్నానానికి వెళ్లాను. పది నిమిషాల్లో వచ్చేసరికి లేదు."

"చెప్పులు?"

"ఏడు ఇరవైకి. వంతెన మీద నేనే చూశాను మేడమ్."

"గొడవలేమైనా?"

"మా మధ్య గొడవేంటండీ! అంతా ఈ బొమ్మల పుణ్యం." ఎడమ చెయ్యి జేబులోనే ఉంచి గడ్డంతో చార్టు చూపించాడు. "వెయ్యిన్ని రెండొందల అరవై రోజులని ఆ గ్రంథంలో ఉంటుందట. అవి నేటితో ఆఖరని నెల రోజులుగా ఒకటే గొణుగుడు. మతి చెడింది. ఏం మాట్లాడుతోందో దానికే తెలియదు."

"నేను ఏ తేదీనీ చెప్పలేదమ్మా!" మాస్టారు తల ఎత్తారు. "ప్రవచనంలో రోజంటే రోజు కాదు, ఏడాది. అది రాజ్యాల లెక్క."

కూతురు కనబడక గంటన్నర. ఆయన ఇంకా అర్థం చెబుతూనే ఉన్నారు. అలవాటైన నోరు, దాని దారిన అది పోతోంది.

"మందులేమైనా వాడుతోందా మాస్టారూ?"

"బీపీ మాత్ర. ఎనిమిదింటికి పడాలి. షీటు టేబుల్ మీదే ఉంది." ఆయన టేబుల్ వైపు చూపించారు. "తప్పితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని నర్సమ్మ చెప్పింది. రెండు నెలలుగా కాళ్లకు నీరు కూడా."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసింది. 8.32.

"మీ కాళ్లకేమైంది?"

"వంతెనదాకా పరిగెత్తాను. పొద్దున్నే నా బాత్రూం స్లిప్పర్లు కూడా కనబడి చావలేదు."

స్టేషన్ రైటర్ చెప్పులను ప్లాస్టిక్ కవర్లో తెచ్చాడు. సన్నని బకిల్ చెప్పులు. పట్టీ మూడో రంధ్రంలో బిగించి ఉంది. లోపల దుమ్ము. ఇన్‌స్పెక్టర్ వాటిని రెండుసార్లు తిప్పి చూసి ఇచ్చేసింది.

చార్టు దగ్గరికి నడిచింది. "ఎప్పుడు గీసింది?"

"నెలన్నర అయింది. అది చూడనిది గీయదమ్మా, చిన్నప్పట్నుంచీ అంతే. మిడతల దండు గీయమంటే మిడతను సీసాలో పెట్టి పది రోజులు చూసింది. సింహం ముఖం కోసం జూకి నాలుగుసార్లు లాక్కెళ్లింది నన్ను."

"ఈ ఎడమ పంజాలో ఒక గోరు నిలువునా చీలి ఉందేం?"

మాస్టారు అలవాటుగా బెత్తం అందుకున్నారు. "రెండుగా చీలే రాజ్యం. దాని మీద రెండు ఆదివారాలు చెప్పాను."

"ఎడారిలో ఈ త్రాసు?"

"కరువుకు గుర్తు. గ్రంథం ప్రకారం నల్లగుర్రం మీదివాడి చేతిలో ఉండాల్సింది. ఇక్కడెందుకు పెట్టావంటే నవ్వి ఊరుకుంది."

"ఈ పచ్చ తలుపు?"

"అది... ఇంకా తేలలేదమ్మా."

నల్లగుర్రం మీదివాడి త్రాసుకు రెండు పళ్లాలుంటాయి. దీనికి ఒకటే. తొట్టిలా వంగిన పళ్లెం, కింద గుండ్రటి డయల్. అలాంటి పళ్లెంలో ఇన్‌స్పెక్టర్ తన కొడుకును ఒకసారి పడుకోబెట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు.

"పెళ్లయి ఎన్నాళ్లయింది?" వెనక్కి తిరగకుండానే అడిగింది.

"మూడున్నరేళ్లు" అన్నాడు అల్లుడు.

బయటికొచ్చి రైటర్‌తో మెల్లగా అంది. "కాలవలో వెతికించండి. అల్లుడు చూసేలా వెతికించండి. ఆయన్ని అక్కణ్నుంచి కదలనివ్వకండి."

తను మఫ్టీలో ఒంటరిగా బయల్దేరింది. ఊళ్లో ప్రసూతి గదులు మూడు. మొదటిదానికి తెల్ల తలుపు. రెండోదానికి షట్టరు.

సాయంత్రం 5.00. క్లాసుకొచ్చేవాళ్లంతా వచ్చారు. కాలవలో ఏమీ దొరకలేదన్న కబురు వాళ్లకన్నా ముందే వచ్చింది.  అత్తగారు ముందు వరుసలో కూర్చుని మాస్టారికి చెబుతోంది. "బెంగపడకండి అన్నయ్యగారూ. ఆ తల్లి పాముకు దొరకదు. నేను చివర చూసుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ బకిల్ చెప్పులు టేబుల్ మీద పెట్టింది.

"ఇవి వేసుకుని ఆవిడ వంతెనదాకా నడవలేదు. నీరొచ్చిన కాళ్లు ఈ పట్టీలో పట్టవు. కాళ్లు పొంగిన ఆడది ఇంట్లో అందరికన్నా పెద్ద చెప్పులు వెతుక్కుంటుంది. మాస్టారి స్లిప్పర్లు వెళ్లింది ఆవిడతోనే. మరి వీటిని వంతెన మీద పెట్టిందెవరు?"

అల్లుడు కిటికీ వైపు చూశాడు.

"భార్య వెళ్లిపోయిందని ఒకరికి 6.40కే తెలుసు. ఆవిడ నోరు విప్పేలోపు ఊరికి తన మాట చేరాలి. ప్రవచనాలతో మతి చెడి కాలవలో దూకబోయిందని. పిచ్చిదాని మాట రేపెవరు నమ్ముతారు?"

"నా గురించేనా? సాక్ష్యమేంటి? ఈ బొమ్మా?" అల్లుడు లేచాడు.

"బొమ్మ కోర్టుకు పనికిరాదు. ఎడమ చెయ్యి చూపించండి."

అతను తీయలేదు. రైటర్ తీయించాడు. బొటనవేలి గోరు నిలువునా రెండుగా చీలి ఉంది. గాజు కోసే కత్తి గుర్తు.

పాతిక తలలు ఒకేసారి చార్టు వైపు తిరిగాయి. మళ్లీ ఆ చేతి వైపు.

"చూడనిది గీయదు కదా మాస్టారూ. ఈ పంజాను మీద పడుతుండగా చూసింది. వెయ్యిన్ని రెండొందల అరవై రాజ్యాల లెక్క కాదు, పెళ్లి రోజు నుంచి లెక్క. ఈ త్రాసు కరువుది కాదు. పుట్టిన బిడ్డను తూచేది. మీ అమ్మాయి పచ్చ తలుపున్న ప్రసూతి గదిలో ఉంది. 12.10కి నేను కలిశాను. నర్సమ్మ పొద్దునే ఆటోలో తీసుకెళ్లింది. మాత్ర ఎనిమిదింటికే వేసింది. స్టేట్‌మెంట్ అయ్యేసరికి నాలుగు దాటింది. ఒంటి మీది పాత దెబ్బలు డాక్టర్ రాసుకున్నారు."

రైటర్ అల్లుణ్ణి బయటికి నడిపించాడు. గుమ్మం దగ్గర అతను మాస్టారి వైపు తిరిగాడు. "మీరే చెప్పండి మావయ్యా, నేనెలాంటివాణ్ణో!"

మాస్టారు బెత్తం పట్టుకుని చార్టు దగ్గరికి కుంటుతూ వెళ్లారు. దాని కొన చీలిన గోరు మీద ఆనించారు.

"ఐదో నెలలో నా దగ్గరికొచ్చింది" అన్నారు, గోడతో చెప్పినట్టు. "నాన్నా, నాకు భయమేస్తోందంది. శ్రమకాలమంటే అదేనమ్మా, ఓర్చుకున్నవాళ్లకే కిరీటమన్నాను. వచనాలు కూడా చూపించాను. మళ్లీ రాలేదు. ఇది గీసింది."

 అత్తగారు ముక్కు తుడుచుకుంటోంది.

ఇన్‌స్పెక్టర్ నంబర్ నొక్కి ఫోన్ అందించింది. "మాట్లాడండి."

అవతల ఎత్తారు.  ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"దీని అర్థమేమిటంటే అమ్మా..." మాస్టారు మొదలుపెట్టి ఆగిపోయారు. బెత్తం కింద పడింది. తీయలేదు.

"లేదమ్మా. నాది తప్పు. నేను తప్పు చదివాను."