చేతులు వదలని దొంగ

“మా ఆయన పోయి నాలుగేళ్ళయింది బాబూ. నిన్న సాయంత్రం వచ్చి తన గొంతు తాను పట్టుకుపోయాడు.”

మామ్మగారు ఈ మాట కుర్చీలో కూర్చోకముందే అంది. డిటెక్టివ్‌గారి బావమరిది టీ కప్పు కింద పెట్టి గబుక్కున తలుపు వైపు చూశాడు. డిటెక్టివ్ మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అందరూ ఆయన్ని సందేహాలాయన అంటారు. ఆ పేరు పెట్టింది ఆయన భార్యే. ఆమె తమ్ముడు రెండు ఉద్యోగాలు వెలగబెట్టి, మూడోదిగా బావ దగ్గర సహాయకుడిగా చేరాడు. బావ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

“స్థిమితంగా కూర్చోండి మామ్మగారూ. గొంతు పట్టుకుపోవడమేమిటి?”

“క్యాసెట్టు బాబూ. ఆయన గొంతు ఉన్న క్యాసెట్టు.”

కిటికీ బయట ఎదురింటివాళ్ళు క్రిస్మస్ నక్షత్రం వేలాడదీస్తూ, “ఎడమకి, ఇంకొంచెం ఎడమకి” అని అరుచుకుంటున్నారు. ఆ సందడిలోనే మామ్మగారు తన కథ చెప్పింది.

ఆమె భర్త బడిలో లెక్కలు చెప్పిన మాస్టారు. కానీ ఆయనకు ప్రాణమంతా దెయ్యాల కథలే. ఏటా క్రిస్మస్ రోజుల్లో ఆ పిచ్చి ఉన్నవాళ్ళంతా వాళ్ళ మేడగదిలో చేరతారు. దీపం ఆర్పి, బల్ల చుట్టూ కూర్చుని, చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఒకరి కథ ఒకరు వింటారు. భయపడి ముందుగా ఎవరు చెయ్యి వదిలితే వాళ్ళు అందరి కప్పులూ కడగాలి.

“అందుకని ప్రాణం పోయినా ఎవరూ చెయ్యి వదలరు. అందరి కథలూ అయ్యాక మాస్టారి కథ. ఆయనున్నప్పుడే రికార్డు చేసి పెట్టారు. అది వినందే ఆ ఏటి సభ ముగిసినట్టు కాదు. ఆ నియమం కూడా ఆయనదే.”

“క్యాసెట్టు ఎక్కడుండేది?”

“బల్ల మధ్య రేకుడబ్బాలో. నిన్న దర్జీగారి కథ అయ్యాక దీపం వేసి డబ్బాలో చూస్తే ఏముంది? ఖాళీ!” ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఈ ఏడు ఇల్లు ఖాళీ చేసి మా చెల్లెలి ఊరు వెళ్ళిపోతున్నాను బాబూ. ఆ కథ ఒక్కసారి విని, తాళం వేసి బండెక్కుదామనుకున్నాను. వెళ్తున్నానని ఆయనకు కోపమొచ్చిందేమో. ఫొటోలున్నాయి, చేతికర్ర ఉంది. గొంతు మాత్రం అందులోనే ఉంది. అది పోతే నాకు ఆయన రెండోసారి పోయినట్టే.”

బావమరిది పరిగెత్తి ఆమెకు మంచినీళ్ళు తెచ్చాడు.

“డబ్బా మూత తీసే ఉందా?” అన్నాడు సందేహాలాయన.

“లేదు, మూసే ఉంది.”

“అయితే నిశ్చింతగా ఉండండి. దెయ్యాలకు మూత మళ్ళీ పెట్టే ఓపిక ఉండదు. అది బతికున్నవాళ్ళ పనే.”

మేడగదిలో గుండ్రటి బల్ల, దాని చుట్టూ ఐదు కుర్చీలు. మామ్మగారు తన కుర్చీలో కూర్చుని చూపించింది. ఆమెకు ఎడంపక్క దర్జీ, ఆయన పక్కన బేకరీ ఆయన, తర్వాత రేడియో మెకానిక్, ఆ పక్కన పళ్ళ డాక్టరమ్మ. డాక్టరమ్మ రెండో చెయ్యి మళ్ళీ మామ్మగారి చేతిలోకే.

“నిన్న డాక్టరమ్మ చెయ్యి ఎలా ఉంది?”

“మంచుగడ్డలా ఉంది. వణుకు కూడానూ. భయపడ్డావా అంటే మాత్రం ఒప్పుకోదు లెండి.”

సందేహాలాయన డబ్బా మూత తీశాడు. అది కిర్రుమంది. ఆయన ముఖం వెలిగింది. బావమరిది కూడా ముఖం వెలిగించుకున్నాడు గానీ ఎందుకో తెలియలేదు.

బేకరీలో క్రిస్మస్ కేకుల హడావుడి. బేకరీ ఆయన కేకుల పొయ్యి ముందు నుంచి చెమటతో వచ్చి చెయ్యి కలిపాడు. ఎడమచేతి వేలికి ఉంగరం కండలోకి దిగిపోయి ఉంది.

“పిండి కలిపేటప్పుడు తీయరా?”

“తీద్దామంటే రాదండీ. పెళ్ళినాటిది. నేను ఎదిగాను, అది ఎదగలేదు.”

“నిన్న మీ పక్కన మెకానిక్ కదా?”

“పాపం, ఎడంచేత్తో అతణ్ణి పట్టుకున్నానండీ. చెయ్యి చల్లబడిపోయి గజగజలాడుతోంది. అయినా ఆ దర్జీ కథ అలాంటిది! సమాధి తెరుచుకునే చోట కిర్రుమని ఓ శబ్దం చేశాడూ, నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి!”

డాక్టరమ్మ ఆస్పత్రిలో ఒక రోగి నోరు తెరిపించి ఉంచే మాట్లాడింది. “భయమా? నాకా? అందరూ నన్ను చూసి భయపడతారండీ. ఆ మెకానిక్ చెయ్యా? పొయ్యిలో పెట్టి తీసినట్టుంది. పైగా గట్టిగా నొక్కేశాడు. ఇదిగో, ఉంగరం ఒత్తుకుని ఇంకా కంది ఉంది.”

దర్జీ మెడలో టేపుతో, నోట్లో గుండుసూదులతో ఉన్నాడు. కథ మాట ఎత్తగానే సూదులన్నీ తీసి పక్కన పెట్టాడు.

“ఆ కిర్రు శబ్దం ఏదీ, ఒక్కసారి చెయ్యండి” అన్నాడు సందేహాలాయన.

దర్జీ గొంతు సవరించాడు. మళ్ళీ సవరించాడు. “అది కథ వేడిలో దానంతటదే వచ్చేదండీ. అడిగితే వచ్చేది కాదు.”

చివరగా మెకానిక్ దుకాణం. అతను విప్పిన రేడియో పక్కన పెట్టి, చెయ్యి చొక్కాకు తుడుచుకుని కలిపాడు. వెచ్చటి, పొడి చెయ్యి. వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు తప్ప మరేమీ లేవు. అతను చిన్నప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నాడట.

“దొంగ దొరుకుతాడంటారా?” అని అడిగాడు. మళ్ళీ తనే, “దొరికేదాకా మామ్మగారు ఇక్కడే ఉంటారు కదండీ?” అన్నాడు.

దారిలో బావమరిది ఆగలేకపోయాడు. “దర్జీయే బావా! మాస్టారి కథే ఆఖరున ఉండటం ఆయనకు కడుపుమంట. శబ్దం చెయ్యమంటే ఎలా నీళ్ళు నమిలాడో చూశావుగా!”

“సగం పట్టుకున్నావు. ఎందుకు నీళ్ళు నమిలాడో, అదే మిగతా సగం.”

సగం పట్టుకున్నందుకే బావమరిది ఇల్లు చేరేదాకా ఈల వేస్తూ నడిచాడు.

మర్నాడు సాయంత్రం అందరూ మేడగదిలో చేరారు. బేకరీ ఆయన కేకు తెచ్చాడు. దొంగతనం విచారణకు కేకేమిటని డాక్టరమ్మ కోప్పడింది, పెద్ద ముక్క తీసుకుంది. సందేహాలాయన మెకానిక్‌ను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోమని, అతని కుర్చీలో తను కూర్చున్నాడు.

“నేనూ ఓ దెయ్యం కథ చెబుతాను. చేతులు పట్టుకోండి, కళ్ళు మూసుకోండి. ఒరేయ్, దీపం ఆర్పరా.”

బావమరిది స్విచ్ నొక్కాడు. చీకట్లో ఒక కథ మొదలైంది. బావ ఎంత గొప్పవాడైనా అంత చప్పటి కథ తను వినలేదని బావమరిది మనసులోనే ఒప్పుకున్నాడు. ఒక ఇల్లు, ఒక తలుపు, దాని వెనక ఎవరో. అంతలో కిర్రుమని శబ్దం.

“ఆహా! మీరు కూడా బాగా చేస్తారే!” అంది బేకరీ ఆయన గొంతు.

“దీపం వెయ్యరా.”

వెలుగొచ్చింది. కుర్చీ ఖాళీ. సందేహాలాయన డబ్బా చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఖాళీ కుర్చీ ముందు బేకరీ ఆయన, డాక్టరమ్మ ఒకరి చెయ్యి ఒకరు బిగించి పట్టుకుని ఉన్నారు. ఇద్దరూ నిప్పు తగిలినట్టు వదిలేశారు.

“ఈ ఉంగరమే!” అంది డాక్టరమ్మ. “ఆ రోజు నాకు గుచ్చుకుంది ఇదే!”

“ఇదే” అన్నాడు సందేహాలాయన. “మెకానిక్ వేళ్ళకు ఉంగరమే లేదు. అతని చెయ్యి వేడిగా ఉందని మీరన్నారు, చల్లగా ఉందని ఈయనన్నారు. ఒకే మనిషికి రెండు వాతావరణాలుండవు కదా! ఒకటి పొయ్యి దగ్గర పనిచేసే చెయ్యి. రెండోది భయంతో చల్లబడ్డ మీ చెయ్యి డాక్టరమ్మా, మామ్మగారే సాక్షి.”

డాక్టరమ్మ కేకు మీద శ్రద్ధ పెట్టింది.

“మెకానిక్ వేళ్ళు సర్దుకుంటున్నట్టు కదిలి, అటు చెయ్యి ఇటు చేతిలో పెట్టాడు. మామూలు మనుషులైతే ఒకసారి వదిలి చూసుకునేవాళ్ళు. వదిలితే ఓడిపోతామని మీరు దొరికిన చేతినే ఉడుంపట్టు పట్టారు. దీపం వెలిగేలోగా అలాగే కదిలి, తన చేతులు మళ్ళీ మధ్యలో పెట్టేశాడు. ఇక మూత చప్పుడు. అది విని మీరంతా దర్జీగారిని మెచ్చుకున్నారు. దర్జీగారికి ఆ మెప్పు వదులుకోబుద్ధి కాలేదు.”

“ఊరికే వచ్చిన మెప్పు ఎవరొదులుకుంటారండీ?” అన్నాడు దర్జీ నేల చూస్తూ.

అందరి కళ్ళూ స్టూలు వైపు తిరిగాయి. మెకానిక్ జేబులోంచి చేతిరుమాలు తీశాడు. అందులో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టిన క్యాసెట్టు.

“పాడుచెయ్యలేదు మామ్మగారూ. ఒట్టు. ఇది వినందే సభ ముగియదు కదా. ముగియకపోతే మీరు వెళ్ళరనుకున్నాను.” అతను రుమాలు అంచులు సర్దాడు. “మాస్టారు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. మీరేమో అందరికీ చెప్పి మరీ వెళ్తున్నారు. నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి.”

మామ్మగారు లేచి అతని దగ్గరికి వెళ్ళింది. కొడుతుందేమోనని బావమరిది భయపడ్డాడు. ఆమె అతని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఆ చేత్తోనే తల నిమిరింది.

“పిచ్చి సన్నాసీ! రెండు రోజులు నాకు కంటిమీద కునుకు లేకుండా చేశావు కదరా! ఆయన నామీద అలిగాడనుకుని ఎంత కుమిలిపోయానో తెలుసా? నేను వెళ్ళేది మా చెల్లెలింటికిరా, పైలోకానికి కాదు. అక్కడా బల్ల ఉంది, కుర్చీలున్నాయి. వచ్చే క్రిస్మస్‌కు నలుగురూ అక్కడికి తగలడండి. మా చెల్లెలు బల్లిని చూసినా కెవ్వుమంటుంది.”

“అయితే కప్పులు కడగడానికి ఇక దిగుల్లేదు!” అన్నాడు బేకరీ ఆయన. గది గొల్లుమంది.

మెకానిక్ క్యాసెట్టును మాస్టారి పాత టేప్‌రికార్డర్‌లో పెట్టి మీట నొక్కాడు. మళ్ళీ దీపం ఆరింది, చేతులు కలిశాయి. ఈసారి డిటెక్టివ్‌కూ, బావమరిదికీ కూడా కుర్చీలు వేశారు. కాసేపు గరగర. తర్వాత ఒక దగ్గు, కుర్చీ జరిపిన చప్పుడు, ఒక ముసలి గొంతు.

“ఏమేవ్, ఆ తలుపు దగ్గరగా వెయ్యి. చలిగాలి వస్తోంది.”

ఇంకా దెయ్యం రాలేదు, కథే మొదలవలేదు. అయినా బావమరిదికి ఒళ్ళు జలదరించింది.

“వేశానండీ” అంది చీకట్లో మామ్మగారు. “మీరు చెప్పండి.”