సెగ దాటేదాకా

కాఫీ కప్పు పట్టుకుని పెద్దాయన పనిగదిలోకి వచ్చేసరికి కిటికీలోంచి పడే పొద్దుటి ఎండ పొగకు రాగిరంగులో ఉంది. గడియారాలు బాగుచేయడం ఆయన వృత్తి. గోడ నిండా, బల్ల నిండా జనం నమ్మి ఇచ్చిన గడియారాలే. అడవి అంటుకుందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. మంట కొండకు అవతల కదా అని ఆయన ధీమా.

కోడలు గుమ్మంలోకి వచ్చింది. "మావయ్యగారూ, గాలి ఇటు తిరిగింది. వెంటనే బయల్దేరదాం."

"పొగ కనబడితే పరుగేనా? ఇవన్నీ పరాయి సొమ్ము. సర్దుకోనీ."

"వస్తువులు పోతే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. మనుషులు పోతే ఎవరికి చెప్పుకుంటాం?"

"ఈతకొలను దగ్గర పిల్లల్ని అదిలించినట్టు నన్ను అదిలించకు! ఈ ఇంట్లో పెత్తనం నీకెవరిచ్చారు?"

ఆమె ఈత నేర్పే టీచరు. ఆ ఉద్యోగమంటే ఆయనకు మొదట్నుంచీ చిన్నచూపే. కోడలి ముఖం ఎర్రబడింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఆమెకు తెలుసు. ఇక వాదించకుండా గడియారాలు దుప్పట్లలో చుట్టి కారులోకి చేరవేయడం మొదలుపెట్టింది.

చివరికి మనవరాలిని కూడా ఎక్కించుకుని బయల్దేరారు గానీ, మలుపు దగ్గరే మంట రోడ్డు దాటేసింది. ముందుకు వెళ్ళే దారి లేదు. ఆమె కారు వెనక్కి తిప్పింది. "చెప్పానా?" అంటుందని పెద్దాయన ఒళ్ళంతా ముడుచుకుని కూర్చున్నాడు. ఆ మాట రాలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే కోడలు, ముగ్గురం లోపలే ఉన్నామని అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేసి చెప్పింది.

"మావయ్యగారూ, గ్యాస్ కట్టేసి కిటికీలు మూయండి. కర్టెన్లు పీకేయండి. పిచ్చుకా, బకెట్లు తేమ్మా!"

ఏడేళ్ళ మనవరాలు పరుగెత్తింది. బకెట్లు, గిన్నెలు, స్నానాల తొట్టి, అన్నీ నీళ్ళతో నిండాయి. ముగ్గురూ పొడుగు చేతుల నూలుబట్టలు, బూట్లు వేసుకున్నారు. తలుపుల కింది సందుల్లో కోడలు తడి తువ్వాళ్ళు కుక్కింది. తలుపులు మూసింది గానీ, అవసరమైతే బయటపడేందుకు వీలుగా గడియ వేయలేదు. కొండకు ఎదురుగా లేని పక్క గదిలో, పెరటి తలుపు దగ్గర, ఉన్ని కంబళ్ళు కప్పుకుని నేలమీద కూర్చున్నారు.

హోరు మొదలైంది. రైలు నేరుగా మీదకే వస్తున్నట్టుంది. ముందుగదిలో కిటికీ అద్దం ఫెళ్ళుమంది. పెద్దాయన గభాల్న లేచాడు.

"బయటికి పోదాం! ఇక్కడే మాడి చస్తాం!"

కోడలు ఆయన మణికట్టు పట్టుకుంది. "ఇల్లు అంటుకుంటే నేనే తీసుకెళ్తాను. ఇప్పుడు బయట సెగే చంపేస్తుంది. గోడలు మనల్ని కాస్తున్నాయి. నా మొహం చూస్తూ ఊపిరి తీయండి. ఊఁ, నెమ్మదిగా వదలండి."

ఆయన కూర్చున్నాడు. అప్పుడే గమనించాడు, కంబళి కింద ఆమె రెండో చెయ్యి గడగడ వణుకుతోంది. పాపకు ధైర్యం చెబుతున్న గొంతులో మాత్రం ఆ వణుకు లేదు. ఇంత గుండెదిటవు తన ఇంట్లోనే తిరుగుతుంటే ఇన్నాళ్ళూ పెత్తనం అనుకున్నాడు!

హోరు మెల్లగా దూరమైంది. తలుపు వేడెక్కిందేమోనని ఆమె చేతి వెనకభాగంతో తాకి చూసి, కొద్దిగా తెరిచింది. చూరులో, గుమ్మం దగ్గర నిప్పురవ్వలు మినుకుమంటున్నాయి. పాపను తలుపు దగ్గరే కూర్చోబెట్టి ఇద్దరూ నీళ్ళు మోసి ఒక్కొక్కటే ఆర్పారు. పెరట్లో షెడ్డు బూడిదైంది. ఇల్లు మిగిలింది.

దారి తెరవగానే, పనికి వెళ్ళిన కొడుకు అగ్నిమాపక సిబ్బంది వెంట వచ్చాడు. పాపను గుండెకు హత్తుకుని భార్య మీద విరుచుకుపడ్డాడు. "పొద్దున్నే వెళ్ళిపొమ్మన్నాను కదా! బుద్ధుందా నీకు?"

"దారి మూసుకుపోయిందండీ..."

"దారి కాదురా, అడ్డుపడింది నేను," అన్నాడు పెద్దాయన. "తను చెప్తూనే ఉంది. నేనే వినలేదు. ఈవేళ నీ బిడ్డ నీ చేతుల్లో ఉందంటే తన చలవే." ఆమె వైపు తిరిగి చేతులు జోడించబోయాడు.

కోడలు గబుక్కున ఆ చేతులు పట్టుకుంది. "అయ్యో, ఇవేం పనులు మావయ్యా!"

"నీకు భయం వెయ్యలేదా తల్లీ?"

"ఎందుకు వెయ్యలేదూ? మునిగేవాళ్ళ ముందు మనమూ బెంబేలెత్తితే అందరం మునుగుతాం." అంటూనే ఆమె భోరుమంది. పొద్దుటి నుంచి బిగబట్టిందంతా ఒక్కసారిగా తెగిపోయింది. పెద్దాయన ఆమె తలను భుజానికి ఆన్చుకుని తనూ ఏడ్చాడు.

గాలి మళ్ళీ మారవచ్చని, ఇప్పుడే వెళ్ళిపోవడం మంచిదని సిబ్బంది చెప్పారు.

అందరికన్నా ముందు పెద్దాయనే కదిలాడు. మనవరాలి చెయ్యి పట్టుకుని కోడలి వైపు తిరిగాడు.

"పదమ్మా. నువ్వు ఎటంటే అటే."