చెప్పకూడని అంకె

“మీకు మెడనొప్పా?”

వార్డు గుమ్మంలో దారికి అడ్డంగా నిలబడి అడిగాడు డాక్టర్ మృత్యుంజయ.

“లేదు,” అంది రేబెకా అతని చెప్పుల వైపు చూస్తూ.

“మరి మూడు నెలలైతుంది, ఒక్కసారన్న తలెత్తి చూడరేంది? మా వరంగల్‌ల దేవునికి కూడ ఇంత వంగి మొక్కరు!”

“తప్పుకోండి. లోపల పేషెంటు ఉన్నాడు.”

“అంత పాపం నేనేం జేసిన?”

అతను చేసిన పాపమేమీ లేదు. న్యూ టౌన్ ల్యాబ్‌లో నాలుగేళ్లు కూర్చుని రేబెకా ఒక సూది తయారుచేసింది. దెబ్బతిన్న కండలో దింపితే అక్కడి పిహెచ్ ఎంతో చెబుతుంది. ఏడు దగ్గరుంటే భయం లేదు. అంకె పడిపోతుంటే, వాపు బిగిసి రక్తం అందక లోపల కండ చస్తున్నట్టు.

కానీ సూది చెప్పేది నిజమని ఇంకా రుజువు కాలేదు. అందుకే ఒక నిబంధన. అంకె రేబెకా ఒక్కతే చూడాలి. వైద్యం చేసే డాక్టరుకి అసలే తెలియకూడదు. అతను తన పద్ధతిలో తాను వైద్యం చేస్తాడు. చివర్లో రెండూ పోల్చి చూస్తారు.

చిక్కంతా రేబెకా ముఖంతోనే. ఖిదిర్‌పూర్ ఓడరేవు కూలీల క్వార్టర్స్‌లో వాళ్లమ్మ రోజమ్మ ఎప్పుడూ అంటుంది, “దీని కడుపులో మాట మొకమ్మీద ఆరేసుంటాది” అని. అందుకే ఆ తల దించుకోవడం. అతని గొంతు వినపడినప్పుడల్లా తలెత్తాలనిపించడం మరో బాధ.

మూడు రోజులుగా వాన వదల్లేదు. పట్టపగలే వార్డులో లైట్లు వేశారు. మంచం మీద గురువులు, ఓడరేవు కూలీ. పొద్దున్న బస్తాల దొంతర కాలి మీద కూలి పిక్క నలిగిపోయింది. నొప్పి తెలియకుండా నడుములో మందు ఎక్కించారు.

“ఎలాగుంది బాబాయ్?”

“నొప్పేటీ లేదమ్మా. కాలు నాది కానట్టుంది. సోమారం డ్యూటీకెల్లిపోతాను.”

రేబెకా నవ్వింది. తెరమీద 6.9. అరగంటకి 6.7. గంటకి 6.4.

నవ్వు చచ్చిపోయింది. సూదే తప్పు చెబుతోందేమో! మొన తడి ఆరితే అంకె ఇలాగే జారుతుంది. రెండో సూదిని ద్రావణంలో ముంచి సరిచూసి, మళ్లీ దింపింది.

6.3.

మృత్యుంజయ వచ్చి గురువులు పాదం తాకాడు. నాడి చూశాడు. “నొప్పున్నదా?”

“లేదు బాబూ.”

“మంచిది. సాయంత్రం మళ్ల చూస్త.”

నడుములో ఎక్కించిన మందు నొప్పిని కప్పేసింది. సాయంత్రానికి ఆ పిక్కలో బతికిన కండ ఉండదు. నోరు విప్పితే నాలుగేళ్ల పని గంగలో కలుస్తుంది. పైగా సూదిదే తప్పయితే, నిక్షేపంలాంటి కాలు కోయించిన పాపం తనది.

అతను గుమ్మం దాటబోతున్నాడు.

“డాక్టర్!”

అతను వెనుదిరిగాడు. రేబెకా తలెత్తి అతని ముఖంలోకి చూసింది. ఒక్క మాట అనలేదు. నిద్రలేక ఎర్రబడ్డ అతని కళ్లు ఆమె ముఖం మీద నిలిచాయి. అతని రంగు మారింది.

“థియేటర్ రెడీ చెయ్యండి! ఇప్పుడే!”

లోపలి ఒత్తిడి తగ్గించడానికి చర్మం కోయగానే బిగిసిన కండ బయటికి ఉబికింది. బూడిదరంగు. చాలాసేపటికి సగం ఎర్రబడింది. మిగతా సగం ఎర్రబడలేదు. కాలు దక్కింది. కానీ గురువులు ఇక బస్తా మోయలేడు.

ఆ సాయంత్రమే రేబెకా తన తప్పు తానే రాసి ఇచ్చింది.

వారం తర్వాత ఈ పరీక్షల మీద కమిటీ కూర్చుంది. రేబెకాని బయటే ఉండమన్నారు.

“ఆమె అంకె చెప్పలేదు. సైగ చేయలేదు,” అంది అధ్యక్షురాలు. “ఒక్క చూపుతో మీకెలా అర్థమైంది డాక్టర్? వార్డులో అందరూ మిమ్మల్ని చూస్తారు కదా!”

“అందరి చూపు కోసం నేను మూడు నెలలు ఎదురుచూడలేదు మేడమ్,” అన్నాడు మృత్యుంజయ. “ఆమె చూపు కోసం చూశాను. ప్రాణం మీదికొస్తే తప్ప తలెత్తే మనిషి కాదు. ఎత్తింది. ఇంకేం కావాలి నాకు?”

మినిట్స్ రాస్తున్న బెంగాలీ గుమాస్తా కలం ఆపాడు. “మేడమ్, ఇదీ రాయాలా?”

“రాయండి దాదా,” అందావిడ కళ్లజోడు తీస్తూ. “సాక్ష్యమే కదా.”

తీర్పు మాత్రం మారలేదు. రేబెకాని పరీక్షల నుంచి తప్పించారు. మూడు నెలల కొలతలు కొట్టేశారు. ఆమె సూదితో ఇంకెవరో మొదటి నుంచి మొదలుపెడతారు.

వరండా బయట రోడ్డు మోకాలిలోతు నీళ్లలో ఉంది. ఆమె మెట్ల మీద కూలబడి ఏడ్చింది. అతను పక్కనే కూర్చున్నాడు. ఊరుకోమనలేదు.

చాలాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుంది. “లోపల ఏటన్నారు మీరు?”

“మినిట్స్‌ల ఉన్నది గదా.”

“నన్ను తీసేశారు. ఆ కాగితాలు నాకివ్వరు. మీరే చెప్పాల.”

అతను చెప్పాడు. మొదటిదానికన్నా పొడుగ్గా, తడబడుతూ. ఈసారి రాసుకోవడానికి పక్కన ఎవరూ లేరు.