పాటు వేళ కట్టిన పీలికలు

"ఇదిగో కొటారు! ఈ కాలవ తిరిగితే కొటారే!"

కామేశం గారు కయాక్‌లో కూర్చునే మోకాళ్ల మీద పాత గుడ్డపటం పరిచి వేలితో టకటకా కొట్టారు. పడవ అటూ ఇటూ ఊగింది. ముందు సీట్లో ఉన్న ఆయన కూతురు ఉదయిని తెడ్డు బిగించి పట్టుకుంది.

"నాన్నా, ఇలాగే ఊపారంటే మీ నిధి దగ్గరికి ఈదుకుంటూ వెళ్లాలి."

ఆయన సర్వే శాఖలో చేసి రిటైరైన మనిషి. ఆయన ముత్తాత ఒకప్పుడు ఈ మడ అడవిలో ఉన్న ఉప్పు నిల్వ చేసే కొటారులో గుమాస్తా. ఉప్పెన వచ్చిన రోజున ఆయన కొటారు ఇనప్పెట్టెను నేలమాళిగలో దాచి, ప్రాణాలతో బయటపడ్డాడని ఇంట్లో కథగా చెప్పుకునేవారు. మొన్న పాత బీరువా దులుపుతుంటే ఈ పటం బయటపడింది.

ముందు కయాక్‌లో ఉన్న గైడు లోవరాజు వెనక్కి తిరగలేదు. "ఆ కాలవలోకి ఎల్లమండి. పిట్టలు ఇటేపే ఎక్కువండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నీళ్లలోంచి ఓ గుండ్రటి నల్లటి తల పైకి తేలింది. నోట్లో అడ్డంగా చేప. మీసాలు విదిలించి, వాళ్లను ఓ చూపు చూసి, వద్దన్న ఆ కాలవలోకే చరచరా ఈదుకుంటూ వెళ్లిపోయింది.

"నీటికుక్క! చేప తినకుండా పట్టుకెళుతోంది, పిల్లలున్నాయేమో!" అని కేక వేసింది ఉదయిని.

లోవరాజు చేతిలో తెడ్డు ఆగిపోయింది. ఏడేళ్లయింది ఆ కాలవలో నీటికుక్క కనపడి. అవి పోయింది అతని వల్లే.

అప్పట్లో లోవరాజూ, అక్క మొగుడు గంగాద్రీ కలిసి సందర్శకులను తిప్పేవాళ్లు. కొటారులో నీటికుక్కలు పిల్లలు పెట్టాయని కనిపెట్టింది లోవరాజే. దారి మరిచిపోకుండా పడవలో ఆరేసి ఉన్న బావ పచ్చగళ్ల లుంగీ చించి, కాలవ చీలిన ప్రతిచోటా కొమ్మకు ఓ పీలిక కట్టాడు. ఆ పీలికలు పట్టుకునే, తోళ్ల కోసం నీటికుక్కల్ని చంపే తోళ్లవాళ్లు లోపలికి పోయారు. ఒక్క పిల్లా మిగల్లేదు. అటవీ అధికారులు వచ్చి గుడ్డ ఎవరిదని అడిగితే, "నాదేనండి" అన్నాడు గంగాద్రి. కట్టిందెవరని అడిగితే లోవరాజు వైపు చూశాడు. లోవరాజు బురద వైపు చూశాడు. గంగాద్రికి పడవ నడిపే అనుమతి కార్డు పోయింది. ఆనాటి నుంచి ఊళ్లోవాళ్ల వలలు అల్లుకుంటూ కూర్చున్నాడు.

అవి నిజంగా తిరిగొచ్చాయా? ఒక్కసారి కళ్లతో చూసుకుంటే తప్ప ఆ రాత్రి నిద్ర పట్టదనిపించింది లోవరాజుకి.

"ఓ గంటేనండి. ఇప్పుడు పాటు, నీళ్లు ఎనక్కి లాగుతున్నాయి. పోటు తగిలేలోపు బయటపడిపోవాల. దేన్నీ ముట్టుకోకండి!"

కాలవ సన్నబడింది. రెండు పక్కలా మడచెట్ల వేళ్లు సాలెపురుగు కాళ్లలా బురదలోకి దిగి ఉన్నాయి. ఎర్ర పీతలు బొరియల్లోకి దూకుతున్నాయి. కొమ్మల కింద తల వంచి, ఒక్కోచోట పడవలో వెల్లకిలా పడుకుని దూరిపోయారు. వెనక సీట్లో కామేశం గారు మాటిమాటికీ తెడ్డు ఆపేస్తున్నారు.

"ఏంటి నాన్నా ఆగిపోతున్నారు?"

"నడుం పట్టేసిందే తల్లీ. నువ్వు ముందుకే చూడు!"

చివరి మలుపులో కొటారు కనపడింది. పైకప్పు లేని ఇటుక గోడలు, వాటి కింద బురదలోకి సగం కుంగిన కమాను. ముగ్గురూ మోకాళ్ల మీద పాకుతూ లోపలికి వెళ్లారు. గుహలా చీకటిగా ఉంది. టార్చి వెలుగులో, ఎత్తుగా ఉన్న ఇటుకల అరుగు కింద తుప్పు పట్టిన ఇనప్పెట్టె మూల కనపడింది.

"ముత్తాత గారూ! దొరికింది!" కామేశం గారు ఆ మూలను తడిమి చూశారు. సంచిలోంచి చిన్న గునపం తీశారు.

అరుగు మీద ఏదో కిచకిచమంది. ఎండుగడ్డిలో మూడు పిల్లలు, ఇంకా కళ్లయినా తెరవలేదు. అంతలో గుమ్మంలో నీళ్లు చిట్లాయి. తల్లి! నోట్లో చేప వదిలేసి పళ్లు బయటపెట్టి, ఒళ్లు గగుర్పొడిచేలా అరిచింది.

"కదలకండి! గునపం దించండి!"

"రెండిటుకలు లాగితే చాలయ్యా! అడవి జంతువులు, ఇంకోచోటికి పోతాయి."

"ఆ రెండిటుకల మీదే అరుగు నిలబడుందండి. ఇంకోచోటు ఎక్కడుందండీ ఈటికి?"

"నాన్నా, వద్దు" అని ఉదయిని తండ్రి చెయ్యి పట్టుకుంది. చల్లటి నీళ్లు వాళ్ల చీలమండల్ని తాకాయి. పోటు మొదలైంది!

తల్లి అరుగెక్కి పిల్లల్ని కప్పుకోగానే ముగ్గురూ గబగబా పాకుతూ బయటికొచ్చి పడవల్లోకి దూకారు. అప్పటికే కాలవ రూపమే మారిపోయింది. వేళ్లు మునిగిపోయాయి. కొమ్మలు నీటి మీదికి దిగొచ్చాయి. ఏ చీలిక చూసినా ఒకేలా ఉంది. ఏడేళ్లలో చెట్లూ పెరిగిపోయాయి. లోవరాజు తెడ్డు ఓసారి అటూ, ఓసారి ఇటూ తిప్పాడు.

"కంగారెందుకయ్యా" అన్నారు కామేశం గారు గర్వంగా. "రేపు కూలీలతో రావాలని, దారంతా నా కాషాయం తువ్వాలు చించి గుర్తులు కట్టాను. ముప్పయ్యేళ్లు సర్వే చేసినవాణ్ణి!"

లోవరాజు చప్పున వెనక్కి తిరిగాడు. చుట్టూ చూశాడు. ఒక్క పీలికా కనపడలేదు.

"పాటప్పుడు కూచుని చేతికందినంత ఎత్తులో కట్టారు. అయ్యిప్పుడు నీళ్ల కిందున్నాయండి. తవరు భూమి కొలిచారు గానీ నీళ్లు కొలవలేదు."

అతను భుజం దాకా చెయ్యి నీళ్లలో ముంచి, చీలిక దగ్గరున్న చెట్లను ఒక్కొక్కటీ తడిమాడు. మూడో చెట్టుకు మెత్తగా ఏదో తగిలింది. "ఇటు! నా ఎనకే రండి!" అన్నాడు. ముందుకు కదిలేముందు ముడి విప్పి పీలికను ఒళ్లో పడేసుకున్నాడు.

"అదేమిటి, విప్పుతావేం? రేపు నాకు..."

"ఒకప్పుడు నేనూ కట్టానండి ఇక్కడ" అన్నాడు లోవరాజు. ఏడేళ్లుగా ఎవరితోనూ అనని మాట. నీళ్లు తడుముతూనే తోళ్లవాళ్ల సంగతి, బావ సంగతి, తను బురద వైపు చూసిన సంగతి అంతా చెప్పేశాడు.

కొమ్మలకూ నీళ్లకూ మధ్య జానెడే మిగిలింది. "పడుకోండి! కొమ్మలు పట్టుకుని లాగండి!" ఓ విరిగిన కొమ్మ ఉదయిని నుదురు చీల్చింది. రక్తం కళ్లలోకి కారింది. కామేశం గారు తువ్వాలు కోసం తడుముకున్నారు. తువ్వాలేదీ? పీలికలైపోయింది. ఒళ్లో పటం లాగి, నీళ్లలో తడిపి, కూతురి నుదుటికి గట్టిగా అదిమారు. వందేళ్ల సిరా నల్లగా ఆయన వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. ఆయన అటు చూడనైనా చూడలేదు.

పెద్ద కాలవలోకి వచ్చి పడేసరికి ముగ్గురికీ ఊపిరాడింది.

"ఎన్ని కట్టారండి?"

"తొమ్మిది."

లోవరాజు ఒళ్లో ఎనిమిదే ఉన్నాయి.

"ఒక్కటేగా, కుళ్లిపోతుందిలే" అన్నారు కామేశం గారు మెల్లగా.

"నేనూ అలాగే అనుకున్నానండి అప్పుడు."

వాళ్లను గట్టుకు చేర్చి, లోవరాజు ఒంటరిగా కొమ్మల కిందికి ఈదుకుంటూ వెళ్లాడు. కామేశం గారు గడియారం చూస్తూ పది నిమిషాలు, పావుగంట, అరగంట లెక్కపెట్టారు. ఉదయిని అతని పేరు పెట్టి కేకలు వేసింది. చివరికి బురదగా, చెంప మీద గాటుతో తేలాడు. పళ్ల మధ్య తొమ్మిదో పీలిక.

"ఆ పెట్టె సంగతి మా ఇంట్లో ఇక ఎవరూ ఎత్తరు" అన్నారు కామేశం గారు. సిరా అంటిన చేతులు జోడించారు.

మధ్యాహ్నం వలల పాక దగ్గరకు వెళ్లి, లోవరాజు ఆ పీలికల్ని బావ ముందు పెట్టాడు. గంగాద్రి వాటిని తిరగేసి చూశాడు.

"ఇయ్యి నా లుంగీయి కావు."

"నీ లుంగీయి కట్టింది నేనే బావా. కొటారులో నీటికుక్కలు మళ్లీ పిల్లలు పెట్టాయి."

గంగాద్రి మళ్లీ వల అందుకున్నాడు.

"పిల్లలెన్ని?"

"మూడు. రేపొద్దున్నే ఫారెస్టాఫీసుకెళ్లి అప్పుడు కట్టింది నేనేనని చెప్పేత్తాను."

గంగాద్రి దారం కొరికి లేచి నిలబడ్డాడు. "రేపేటి? ఆఫీసు ఐదింటిదాకా తీసే ఉంటాది."

"తడిబట్టలు మార్చుకుని..."

"ఏడేళ్లు కూకున్నాన్రా నేను. అలాగే నడు."

లోవరాజు ముందు నడిచాడు. ఎండకు కాలుతున్న దారి పొడుగునా అతని ఒంటి నీళ్లు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. ఆ బొట్లను తొక్కుకుంటూ గంగాద్రి వెనకాల వచ్చాడు.