ఇద్దరం హాజరు

పొద్దున ఆరింటికి ఒక్కసారి మోగి ఆగిపోయే ఫోను ఆ ఇంట్లో మూడు నెలలుగా అలారంతో సమానం. అది మోగిందంటే చిన్ని స్టవ్ మీద టీ గిన్నె పెట్టే వేళయిందన్నమాట. నలభై మూడేళ్ళొచ్చి, రక్తపరీక్షల ల్యాబులో రోజుకు అరవై మంది చేతులకు సూదులు గుచ్చే మనిషైనా, ఇంట్లో ఆమె ఇంకా చిన్నియే.

ఆ సోమవారం కూడా ఫోను మోగి ఆగింది. తల్లి స్నానానికి వెళ్ళింది. బల్ల మీద ఫోను తెరపై ‘డ్రైవరు గారు’ అన్న పేరు కాసేపు వెలిగి ఆరిపోయింది. చిన్ని మొహం చిట్లించుకుని దాని వైపు చూసింది.

ఈ డ్రైవరు గారి సంగతి చెప్పాలంటే ముందు ‘తెల్లారింది’ సంగతి చెప్పాలి. అది ఫోన్లో ఒక గ్రూపు. తలో ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న పధ్నాలుగు మంది పెద్దవాళ్ళు అందులో ఉన్నారు. “మన బతుకులు ఎప్పుడో తెల్లారాయి, ఇంక పేరుకేం భయం?” అని ఆ పేరు పెట్టింది చిన్ని తల్లే. ముప్పై ఏళ్ళు ఆఫీసులో టైపు కొట్టి రిటైరైన ఆవిణ్ణి అక్కడ అందరూ టైపిస్టమ్మ అంటారు. మిగతావాళ్ళూ అంతే. మందుల దుకాణంలో పనిచేసి మానేసినాయన కంపౌండరు గారు, బన్నులు కాల్చి పిల్లల్ని పెంచినావిడ బేకరీ అక్కయ్య, బస్సు నడిపినాయన డ్రైవరు గారు.

వాళ్ళ నియమం ఒక్కటే. ఇద్దరిద్దరు ఒక జత. పొద్దున లేవగానే జతలో ఒకరు ఫోను మోగించి పెట్టెయ్యాలి, రెండోవారు తిరిగి మోగించాలి. ఆ తర్వాత ఎవరో ఒకరు గ్రూపులో ‘ఇద్దరం హాజరు’ అని రాయాలి. ఏడు దాటినా ఆ మాట రాకపోతే మిగతావాళ్ళు ఆ ఇంటి పక్కవాళ్ళకు ఫోన్లు చేసి తలుపు కొట్టిస్తారు. చచ్చిన నాలుగు రోజులకు వాసనొచ్చి తెలియడం కంటే ఇది మేలని వాళ్ళ ఆలోచన. డ్రైవరు గారికి టైపు చెయ్యడం చేతకాదు. అందుకని ఆయన మోగించేవాడు, టైపిస్టమ్మ రాసేది. ఆయన తన ఫోన్లో ఒకటో అంకె నొక్కి పట్టుకుంటే చాలు, ఆవిడకు వెళ్ళేది.

మోకాలి ఆపరేషన్ తర్వాత తల్లి కూతురింటికి వచ్చేసింది. గ్రూపుని మాత్రం వదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు ‘బంతి’ అని పెట్టుకుంటారు. ఎవరింట్లో వాళ్ళు కంచం ముందు పెట్టుకుని, ఫోన్లో ఒకరికొకరు కనిపిస్తూ అన్నం తింటారు. ఆ గంటసేపూ తల్లి గదిలోంచి నవ్వులు పొర్లుకొచ్చేవి. చిన్ని వంటింట్లో ఒంటరిగా తింటూ ఆ నవ్వులు వినేది.

నిన్నటి బంతిలో మాత్రం మాట తేడా వచ్చింది. “టైపిస్టమ్మకేం, కూతురింట్లో మహారాణి. ఒంటరివాళ్ళతో ఆవిడకింకా ఏం పని?” అన్నాడు డ్రైవరు గారు సరదాకి. తల్లికి సర్రున కోపం వచ్చింది. “అయితే రేపట్నుంచి నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు లెండి,” అంది. “సరే, చెయ్యన్లెండి,” అన్నాడాయన. అందరూ నవ్వేసి ఊరుకున్నారు, వాళ్ళిద్దరూ తప్ప.

అయినా ఈవేళ ఆరింటికి చేశాడు. చిన్నికి వారం కిందట ఆడపడుచు వచ్చినప్పుడు అన్న మాట గుర్తొచ్చింది. “మీ అమ్మకి పొద్దున్నే మగాడి ఫోనేంటి చిన్నీ, ఈ వయసులో? నలుగురికీ తెలిస్తే బాగుంటుందా?” ఆ మాట ముల్లులా గుచ్చుకునే ఉంది. చిన్ని ఫోను తీసుకుంది. వచ్చిన కాల్ చెరిపేసింది. ఆ నంబరు నుంచి ఇంకెప్పుడూ మోగకుండా బ్లాక్ చేసింది. అంతా అర నిమిషం పని. తర్వాత టీలో పంచదార వేసింది.

తల్లి తల తుడుచుకుంటూ వచ్చి ఫోను చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

“మాటంటే మాటే. నిజంగానే చెయ్యలేదు ఆ మహానుభావుడు,” అంది.

“పోనీలే అమ్మా. చెయ్యకపోతే ఏం కొంప మునిగిపోయింది?”

“మునగదు. ఆయన చెయ్యనప్పుడు నేను చెయ్యాలి, అదీ పద్ధతి.” ఆవిడ ఫోను పట్టుకుని కాసేపు కూర్చుంది. “నేనెందుకు చేస్తాను? మాట జారింది ఆయన.” అని కళ్ళజోడు పెట్టుకుని టకటకా ఏదో కొట్టింది. చిన్ని తొంగి చూసింది. ‘ఇద్దరం హాజరు.’

“ఆయన మోగించకుండానే రాసేశావేంటి?”

“రాయకపోతే పన్నెండు మందీ ఏమైందని మీద పడతారు. మా పంచాయితీ ఊరంతా ఎందుకు? ఆయనకేం, గుండ్రాయిలా ఉంటాడు.”

చిన్ని అప్పుడు నోరు విప్పాల్సింది. బస్సుకు టైమైందని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం, బుధవారం, గురువారం అలాగే గడిచాయి. తల్లి ఆరింటికి బల్ల దగ్గర కూర్చునేది, ఆరుంపావుకి పెదవి విరిచేది, ఏడులోపు రాసేది. తిండి తగ్గింది. “ఎన్నాళ్ళు బిగుసుకు కూర్చుంటాడో నేనూ చూస్తాను,” అనేది. శుక్రవారం కూడా రాసింది. శనివారం కూడా రాసింది. ఎంత మొండి మనుషులు ఈ ముసలాళ్ళు అనుకుంది చిన్ని. తన పని గుట్టుగా చక్కబడిందని లోపల ఎక్కడో సంతోషపడింది కూడా.

శనివారం పదకొండింటికి ల్యాబులో ఉండగా ఫోనొచ్చింది. తల్లి గొంతే, కానీ వేరెవరిదోలా అనిపించింది.

“చిన్నీ, ఇంటికి రావే. డ్రైవరు గారు పోయారు.”

చిన్ని వచ్చేసరికి తల్లి మంచం అంచున కూర్చుని ఉంది. వంగని మోకాలు ముందుకు చాపి, ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఇంటి యజమాని అద్దెకోసం తలుపు కొట్టాడట, పలకకపోతే గడియ పగలగొట్టించాడట. డ్రైవరు గారు స్నానాల గది గుమ్మంలో పడి ఉన్నాడు. తుంటి విరిగింది. కళ్ళజోడు ఎగిరి అవతల పడింది. పడింది గురువారం పొద్దున అయ్యుంటుందని, ప్రాణం పోయింది ఆ రాత్రో మర్నాడో అయ్యుంటుందని డాక్టరు అన్నాడట. తలుపు వెనక అంటించిన కాగితం మీద కంపౌండరు గారి నంబరు చూసి యజమాని కబురు చేశాడు. దహనం సోమవారం అన్నాడట.

“ఫోను చేతిలోనే ఉందట, చార్జి అయిపోయి,” అంది తల్లి. “చేతిలో ఫోను పెట్టుకుని కూడా నాకు చెయ్యబుద్ధి కాలేదే ఆయనకి. నేను చెయ్యొద్దన్నానుగా. అంత కోపంతో పోయాడు.”

“అమ్మా...”

“అక్కయ్య అడుగుతోంది చూడు.” తల్లి ఫోను చాపింది. బేకరీ అక్కయ్య రాసిన వాక్యం తెర మీద ఉంది. ‘టైపిస్టమ్మా, శుక్రవారం, శనివారం కూడా ఇద్దరం హాజరని ఉందేంటి?’ కింద ఎవరూ ఏమీ రాయలేదు.

“చచ్చిపోయిన మనిషికి రెండు రోజులు హాజరు వేశానే నేను. గురువారం నేను ఆ మాట రాయకుండా ఉంటే ఏడింటికల్లా తలుపు కొట్టేవాళ్ళు. తుంటి విరిగితే ఎవరూ చావరు చిన్నీ. నా పంతం చంపింది ఆయన్ని.”

“నీ తప్పేముందమ్మా? ఆయనే కదా చెయ్యనన్నాడు,” అంది చిన్ని. అన్నాక తన నాలుక తనకే చేదనిపించింది. తల్లి గోడకేసి తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం తల్లికి కన్నంటుకున్నాక చిన్ని ఆ ఫోను తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. బ్లాక్ చేసిన నంబర్ల దగ్గర ఆ ఫోను ఒక జాబితా దాచిపెడుతుంది, ఎవరు ఎప్పుడు చెయ్యబోయారో. ఆమె దాన్ని తెరిచింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చన్నీళ్ళ కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

సాయంత్రం రంగుల దుకాణం కట్టేసి భర్త రాగానే పెరట్లోకి తీసుకెళ్ళి చెప్పింది. అతను గోళ్ళలో ఇరుక్కున్న రంగు గీక్కుంటూ అంతా విన్నాడు.

“చెప్పకు,” అన్నాడు.

“అమ్మ తనే చంపాననుకుంటోంది.”

“నువ్వు చెప్తే ఆయన లేచొస్తాడా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అత్తయ్య ఇంక జన్మలో నీ మొహం చూడదు. ఉన్న ఒక్క తల్లిని పోగొట్టుకుంటావా?”

“ఇప్పుడు మాత్రం ఉందా?”

అతను చెడ్డవాడు కాదు, ఇల్లు నిలబడితే చాలనుకునే రకం. చిన్నికీ అదే కావాలి. అందుకే ఆ పూట గడిచిపోయింది, తెల్లారింది, ఆమె నోరు పెగల్లేదు.

ఆదివారం పన్నెండున్నరకి తల్లి తలదువ్వుకుని ఫోను ముందు కూర్చుంది. చిన్ని గుమ్మం పక్కన నిలబడి చూస్తోంది. చిన్న చిన్న గడుల్లో మొహాలు ఒక్కొక్కటే వచ్చాయి. కంచాలు అందరి ముందూ ఉన్నాయి, ఎవరూ అన్నం కలపడం లేదు.

కంపౌండరు గారు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, అడగక తప్పడం లేదు. మన ప్రాణాలన్నీ ఆ రెండు మాటల మీదే ఉన్నాయి. అబద్ధం హాజరు వేస్తే రేపు ఎవర్ని నమ్మాలి?”

“నమ్మొద్దు,” అంది తల్లి. “ఆరు రోజులూ అబద్ధమే రాశాను. మోగించలేదని కోపం నాకు. తిరిగి మోగించడానికి పౌరుషం అడ్డొచ్చింది. ఆయన నా మీద అలిగి, దిక్కులేకుండా పోయాడు. నన్ను తీసెయ్యండి. మీతో కూర్చుని తినే అర్హత లేదు నాకు.”

బేకరీ అక్కయ్య కొంగుతో మొహం కప్పుకుంది. వద్దని ఎవరూ అనలేదు. తల్లి చెయ్యి తెర మీద ఎర్రటి గుర్తు కోసం తడుముకుంది. ఆ పన్నెండు మొహాలూ ఆరిపోతే ఆవిడకు ఇంక మిగిలేది ఒక మంచం, ఒక గోడ అని చిన్నికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

“చిన్నీ, వద్దు,” అన్నాడు భర్త వెనకనుంచి, మెల్లిగా.

ఆమె వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుంది. “అమ్మా, ఆయన చేశాడు.”

“ఏంటి?”

“రోజూ చేశాడు. నేనే ఆ నంబరు బ్లాక్ చేశాను, సోమవారం నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. మోగకుండా చేశాను. వదిన ఏదో అందని సాకు చెప్పుకున్నాను. అది కాదమ్మా అసలు. వీళ్ళతో నవ్వినట్టు నాతో ఒక్క పూట కూడా నవ్వవు నువ్వు. ఓర్చుకోలేకపోయాను.”

తల్లి కూతురి మొహంలోకి, కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది. కొడుతుందనుకుంది చిన్ని. కొడితే బాగుండుననుకుంది.

“సోమవారం చేశాడా?” అంది తల్లి.

“చేశాడు.”

“మంగళవారం?”

చిన్ని తన ఫోను తీసింది. ఆ జాబితా నిన్న అందులోకి ఫోటో తీసుకుంది. “చేశాడు. ఆరింటికే.”

“బుధవారం?”

“ఆరింటికి ఒకసారి. ఆరూ పదికి ఇంకోసారి.”

“అలగలేదు,” అంది తల్లి. తెరవైపు తిరిగి, చిన్నపిల్ల చాడీ చెప్పినట్టు అందరికీ చెప్పింది. “విన్నారా? ఆయన అలగలేదట. మాటవరసకన్నాడు, అంతే. పొద్దున్నే మోగించాడు.” అప్పుడు ఏడ్చింది. నిన్నట్నుంచీ రాని ఏడుపు, మోకాలు పట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ.

చాలాసేపటికి మొహం తుడుచుకుంది. “గురువారం?” అంది.

“వద్దమ్మా.”

“గురువారం ఎన్నిసార్లు?”

“పదకొండు.”

తల్లి కళ్ళు మూసుకుంది. తెర మీద కంపౌండరు గారు తల దించుకున్నాడు.

“నిన్నిప్పుడే క్షమించలేను చిన్నీ. ఎప్పటికో కూడా తెలీదు,” అంది తల్లి. “నేనూ తక్కువ తినలేదు, నేను ఒక్కసారి మోగించి ఉంటే సరిపోయేది. ఇద్దరం కలిసే చేశాం ఈ పని. ఇలా వచ్చి కూర్చో. అవి చదువు. ఒక్కొక్కటీ చదువు.”

చిన్ని మంచం మీద పక్కన కూర్చుంది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

“అయిదూ నలభై.”

“ఆఁ, డ్రైవరు గారూ,” అంది తల్లి.

“అయిదూ నలభై రెండు.”

“ఆఁ, చెప్పండి.”

“అయిదూ యాభై.”

“ఇక్కడే ఉన్నాను.”

అలా ఒక్కొక్కటే చదివింది, తల్లి ఒక్కోదానికీ పలికింది. అవతల పన్నెండు మందీ కంచాల ముందు చేతులు కట్టుకుని విన్నారు. పదోదాని దగ్గర చిన్ని ఆగిపోయింది. తల్లి చెయ్యి వచ్చి ఆమె వీపు మీద పడింది, బరువుగా, అక్కడే ఉండిపోయింది.

“తొమ్మిదీ ఇరవై అయిదు,” అంది చిన్ని. “ఇదే ఆఖరుది.”

“ఆఁ,” అంది తల్లి. “వస్తున్నాం డ్రైవరు గారూ. ఇద్దరం వస్తున్నాం.”