యాలకుల స్టీకు

జయపాల్‌కి వంట రాదు. ఆ సంగతి తెలియనిది హెలెన్ ఒక్కదానికే. పెళ్లిచూపుల్లో ఆ అమ్మాయి "మీ హాబీస్ ఏంటండీ?" అని అడిగింది. రొయ్యల మేత అమ్ముకునేవాడికి హాబీలేముంటాయి? ఫోన్‌లో చూసిన వీడియో ఒకటి నోటికొచ్చేసింది.

"స్టీక్ చేస్తానండి. మాంసం పల్చగా కొట్టి, బ్రెడ్ పొడి పట్టించి వేయిస్తాను. పైన పాలతో తెల్లటి గ్రేవీ."

హెలెన్ కళ్లు పెద్దవి చేసింది. "అయితే ఆదివారం చర్చి అయ్యాక నాన్నగారూ నేనూ భోజనానికొస్తాం. నా జవాబు అప్పుడే చెప్తానండి."

ఆ కళ్ల కోసం గోదారైనా ఈదేవాడు. అడిగింది వంటాయె!

ఆదివారం పచ్చడిబండతో మటన్ బాదుతుంటే తల్లి దేవకుమారి తొంగిచూసింది.

"అది ఎప్పుడో చచ్చిపోయిందిరా, ఇక వదిలెయ్!"

తీరా చూస్తే ఇంట్లో బ్రెడ్ లేదు. టీలోకి తెచ్చిన యాలకుల రస్కులున్నాయి. రస్కూ బ్రెడ్డూ ఒక తల్లి పిల్లలేగా అనుకున్నాడు మన మేధావి. వాటినే పొడికొట్టి పట్టించాడు. నూనెలో తీపంతా మాడి ముక్కలు నల్లబడ్డాయి. గ్రేవీలో మైదా ఉండలు కట్టింది.

"వందనాలు ఆంటీ," అంటూ హెలెన్ రానే వచ్చింది. తండ్రిని హాల్లో కూర్చోబెట్టి నేరుగా వంటింట్లోకొచ్చి ఓ ముక్క కొరికింది.

"ఇది కూరాండీ, స్వీటాండీ?"

జయపాల్ తల దించుకున్నాడు. "అబద్ధం చెప్పానండి. నాకు టీ పెట్టడం కూడా రాదు. మీకు నచ్చాలనే ఆశతో ఏదో వాగేశాను. మీరు నాకు చాలా నచ్చారండి."

హెలెన్ జాడీలోంచి ఆవకాయ గుజ్జు తీసి గ్రేవీలో కలిపింది. ముక్క మొత్తం తినేసింది.

"నేను చేపల పులుసు పెడితే వీధంతా వస్తారని పెళ్లిచూపుల్లో మా నాన్నగారన్నారు, గుర్తుందా?"

"ఉందండి."

"నిజంగానే వచ్చారు. పొగ చూసి, నీళ్ల బిందెలతో."

ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"మరి జవాబు..." అన్నాడు జయపాల్ భయంభయంగా.

హెలెన్ గుమ్మంలోంచి తల బయటికి పెట్టింది.

"అత్తయ్యగారూ! ముందుజాగ్రత్తకి కోడికూర వండే ఉంటారు కదా, ఎక్కడ దాచారండీ?"