పర్చూరు నీలి తొట్టి

"పర్చూరు ఆడవాళ్లు పిసరంత నీళ్లతో నూలుకి రంగులద్దుతున్నారు. బ్లూ సిండికేట్‌కి కడుపు మండుతోంది," అన్నాడు చీఫ్ త్యాగరాజు శ్రీరమ్యతో, గుంటూరు ఆఫీసులో ఏసీ కింద బద్ధకంగా. "జీన్స్ ఉతికి నదులకి నదులు చంపిన విదేశీ ముఠా అది. ఇవాళ కాలుష్య బోర్డు ఇన్‌స్పెక్టర్ ప్రేమ్‌చంద్ తొట్టి నీళ్లు శాంపిల్ తీస్తాడు. వాళ్లు కలిపిన విషం అందులో తేలితే పెద్ద ఆర్డరు పోయి యూనిట్‌కి సీలు, నలభై కొంపలు గోవిందా. మన రాగసుధ అక్కడే ఉంటుంది. కనిగిరి అద్దకం షెడ్డులో రెండు నెలలు పని నేర్చుకుంది. వెళ్లి కలువు."

చీర మీద పాత మగ చొక్కా, తలకు తువ్వాలు, చెవిపోగులో మైకు. ఏజెంట్ శ్రీరమ్య పర్చూరు కూలీల్లో కలిసిపోయింది.

"మిరప కల్లంలో ఎండ ఎట్టా ఉంది?" అడిగింది పక్కనున్న కూలీని.

"తొడిమలు తీసేంత." కోడ్ సరిపోయింది. రాగసుధ ఒకప్పుడు మోడల్. "నీటిని ప్రేమిద్దాం" అని హోర్డింగుల మీద ఇకిలించిన ముఖం. కూలి వేషంలోనూ లిప్‌స్టిక్ వదల్లేదు.

చిలపగా చుట్టిన నూలు కట్ట జాడించి, రాగసుధ ఆ బకెట్ నీళ్లు నేల మీద కుమ్మరించింది.

"ఓసి నీ చేతులు పడిపోనూ!" మేస్త్రి గురవమ్మ అరిచింది. "జాడించిన నీళ్లు పక్క తొట్లో పొయ్యాలే! తర్వాతి నూలు వాటితోనేగా నానేది!"

"బకెట్ నీళ్లకి ఇంత గోలా? చీప్‌గా!"

శ్రీరమ్య చూపు బిగుసుకుంది. కరువు నేల కనిగిరిలో చెంబు ఒలికితేనే ఏ అత్తైనా వీధంతా వినపడేలా తిడుతుంది. అక్కడ రెండు నెలలున్న చేయి ఇలా పారబోస్తుందా? ఈ మహాతల్లి కనిగిరి బస్సు కూడా ఎక్కలేదు. మరి ఆ రెండు నెలలూ ఎవరి దగ్గరుంది?

ప్రేమ్‌చంద్ సీసా మూత తీసి తొట్టి మీదికి వంగాడు. రాగసుధ పక్కకు జరిగింది. ఆమె ఉంగరం రాయి తెరుచుకుంది. లోపల పచ్చటి పొడి.

శ్రీరమ్య చేతిలోని తడి చిలప గాల్లో లేచి ఆమె మణికట్టు మీద ఫెళ్లున పడింది. ఉంగరం ఎగిరి, తొట్టి అంచుకి తగిలి, బయట మట్టిలో పడింది.

"వేళ్లు విరిచావే రాక్షసీ!"

"పోజులకా? జైల్లో ముఖం ఒక్కటే ఫొటో తీస్తారులే."

గురవమ్మ రాగసుధ జుట్టు దొరకబుచ్చుకుంది. ప్రేమ్‌చంద్ సీసా ముంచాడు. పరీక్ష పట్టీ రంగు మారలేదు. ఆర్డరు ఖాయం.

చెవిలో చీఫ్: "శభాష్! ఆదివారం నీటి పొదుపు మీద సదస్సు. ఫైవ్‌స్టార్ హోటల్. నువ్వు మాట్లాడాలి."

"స్విమ్మింగ్ పూల్ పక్కనేనా సార్?"

"అవును. నీకెవరు చెప్పారు?"